బ్రేకు డిస్కునకు బెజ్జములు మేలు చేయునా?

స్పోర్ట్సు కారునకు కొత్త బ్రేకు డిస్కులు వేయింపవలసిన దినము వచ్చినప్పుడు యజమాని ముందు నాలుగు రకముల సరకు నిలుచును. ఒకటి నునుపైన ముఖము గల సాదా డిస్కు. రెండవది ముఖమునిండ బెజ్జములు తొలిచినది. మూడవది వాలుగా గాడులు కోసినది. నాలుగవదానికి బెజ్జములును గాడులును రెండును ఉండును. ధరలో సాదా డిస్కు అన్నిటికంటె తక్కువది; చూపునకును అన్నిటికంటె తక్కువది. చక్రపు ఆకుల సందులనుండి బెజ్జముల డిస్కు మెరయుచున్నప్పుడు నిలిచియున్న కారు కూడ పరుగెత్తుటకు సిద్ధముగా ఉన్నట్లు తోచును. అందుచేత పందెములకు ఎన్నడును పోని కార్లకు సైతము ఇట్టి డిస్కులు వేయించుకొనువారు చాలమంది కలరు.

వీనిని అమ్మువారు సాధారణముగా నాలుగు మాటలు చెప్పుదురు. బెజ్జముల డిస్కు చల్లగా ఉండునని మొదటి మాట. కారు తక్కువ దూరములో ఆగునని రెండవ మాట. ప్యాడ్లనుండి వెలువడు వాయువులకును, వాననీటికిని బెజ్జములు దారి యిచ్చునని మూడవ మాట. పందెపు కార్లకు ఇట్టివే వాడుదురని నాలుగవ మాట. ఈ నాలుగింటిలో పూర్తిగా అబద్ధమైనది దాదాపు ఏదియు లేదు. అందువలననే వీనిని విడివిడిగా పరీక్షింపవలసియున్నది. సగము నిజము కలిసిన మాట చాలకాలము బ్రతుకును. కొనువానికి నష్టము డబ్బుతోనే పోవునదైనచో ఇంత విచారణ అక్కరలేదు. కాని బ్రేకు డిస్కు ప్రాణముతో ముడిపడిన వస్తువు. కారులో కూర్చున్నవారి ప్రాణము మాత్రమే కాదు, దారిని పోవువారి ప్రాణము కూడ దానిమీద ఆధారపడియున్నది.

డిస్కు చేయు పని

పరుగెత్తుచున్న కారునందు గతిజ శక్తి ఉండును. కారు ఆగవలెనన్నచో ఆ శక్తి ఎచ్చటికైనను పోవలెను. కాలితో బ్రేకు తొక్కినప్పుడు కాలిపర్ అను పట్టుకారు వంటి సాధనము రెండు ప్యాడ్లను డిస్కునకు ఇరువైపుల నుండి అదిమిపట్టును. ఘర్షణ వలన గతిజ శక్తి ఉష్ణముగా మారును. ఆ ఉష్ణములో అధిక భాగమును డిస్కు తీసుకొనును. కాబట్టి బ్రేకు డిస్కు ముఖ్యముగా ఉష్ణమును భరించు సాధనము. దానిని ఎన్నుకొనుట యనగా ఉష్ణము లెక్క చూచుకొనుటయే.

ఆ లెక్కకు ఒక నిజమైన కారును తీసుకొనవచ్చును. జపాను దేశపు మాజ్దా కంపెనీ 1989లో ఎంఎక్స్-5 అను చిన్న స్పోర్ట్సు కారును విడుదల చేసినది. మొదటి నమూనాలో 1.6 లీటర్ల ఇంజను, సుమారు 115 అశ్వశక్తి. ముందు చక్రములకు 235 మి.మీ. వ్యాసము గల, లోపల గాలి కాలువలు ఉన్న డిస్కులు. వెనుక చక్రములకు 231 మి.మీ. గల గట్టి డిస్కులు. ఇద్దరు మనుష్యులతో కలిపి ఈ కారు బరువు 1,100 కి.గ్రా. అనుకొందురు గాక. గంటకు 100 కి.మీ. వేగమున దాని గతిజ శక్తి సుమారు 424 కిలోజౌళ్ళు. మంచి టైర్లు, పొడి రోడ్డు ఉండి గట్టిగా బ్రేకు తొక్కినచో కారు 3 సెకన్లలోపలనే నిలిచిపోవును. 424 కిలోజౌళ్ళను 2.8 సెకన్లలో మార్చుట యనగా సగటున 150 కిలోవాట్లు, అనగా సుమారు 200 అశ్వశక్తితో పని చేయుట. ఇంజను శక్తికంటె ఇది చాల ఎక్కువ. స్పోర్ట్సు కారులో మిక్కిలి బలమైన యంత్రము ఇంజను కాదు, బ్రేకు.

బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందునకు ఒరగును గనుక ముందు చక్రములకు పని ఎక్కువ. నూటికి 70 వంతులు ముందు డిస్కుల పాలు అనుకొన్నచో ఒక్కొక్క ముందు డిస్కునకు సుమారు 148 కిలోజౌళ్ళు వచ్చును. డిస్కులో ప్యాడ్లు రాచుకొను భాగము 4 కి.గ్రా. అని ఉదాహరణకు తీసుకొన్నచో, పోత ఇనుప విశిష్టోష్ణమును బట్టి (కిలోగ్రామునకు డిగ్రీకి సుమారు 500 జౌళ్ళు) ఉష్ణోగ్రత ఒక్క పర్యాయమునకు 74 డిగ్రీలు పెరుగును.

మొదటి మాట: చల్లదనము

పై లెక్కలో గాలి చేసిన సహాయమును చేర్చలేదు. అది పొరపాటు కాదు. 3 సెకన్లలో గాలి తీసుకొనిపోగల ఉష్ణము మిక్కిలి స్వల్పము. ఉష్ణము ముందుగా ఇనుములో నిలువ చేరును. తరువాత నింపాదిగా గాలిలోనికి పోవును. కాబట్టి ఒక్కసారి గట్టిగా ఆపవలసినప్పుడు డిస్కును కాపాడునది దాని బరువు. బెజ్జములు తొలిచినప్పుడు తగ్గునది ఆ బరువే. నూటికి 5 వంతుల ఇనుము పోయినదనుకొన్నచో 4 కిలోలు 3.8 కిలోలగును, పై లెక్కలోని 74 డిగ్రీలు 78 అగును. తేడా కొద్దియే. కాని అది ప్రకటన చెప్పిన దిక్కునకు ఎదురుగా ఉన్నది.

మాటిమాటికి బ్రేకు వేయవలసిన చోట కథ కొంత మారును. ఇటలీలో ఆల్ప్సు పర్వతముల నడుమ స్టెల్వియో అను కనుమ కలదు. దాని ఎత్తు 2,757 మీటర్లు. స్పోర్ట్సు కార్లవారు మిక్కిలి ఇష్టపడు దారులలో అది యొకటి. ప్రాటో గ్రామము వైపునకు దిగునప్పుడు 48 మెలికలు తిరిగి 1,800 మీటర్లకు పైగా క్రిందికి రావలెను. పైన చెప్పిన కారు 1,800 మీటర్లు దిగినప్పుడు విడుదలయగు స్థితిజ శక్తి 19,400 కిలోజౌళ్ళు. గంటకు 100 కి.మీ. వేగము నుండి 45 సార్లకు పైగా కారును ఆపుటతో ఇది సమానము. గాలి నిరోధము, ఇంజను నిరోధము ఇందులో కొంత భాగము పంచుకొనినను, మిగిలినదంతయు బ్రేకులమీదనే పడును. ఇట్టిచోట నిలువ చేయు శక్తితో బాటు ఉష్ణమును వదలించుకొను శక్తి కూడ కావలెను.

ఆ పనికై గాలి కాలువల డిస్కును కనిపెట్టిరి. దానిలో రెండు పలకల నడుమ రెక్కలు ఉండును. డిస్కు తిరుగునప్పుడు ఆ రెక్కలు పంకావలె పని చేసి, నడుమనుండి గాలిని లోనికి లాగి అంచునుండి వెలుపలికి విసరును. చల్లదనమునకు మూలము ఈ గాలియే. బెజ్జములు పలకల ఉపరితలమును కొంత పెంచుననుట నిజము. వానిగుండ కొంత గాలి ఆడుననుటయు నిజము. అధిక వేగమున మాటిమాటికి బ్రేకు వేయు పందెపు బాటలో దీనివలన కొంత లాభము ఉండవచ్చును. కాని కనుమదారిని దిగు సామాన్యుడు రెండవ గేరులో దిగినచో కలుగు లాభము ముందు ఇది లెక్కకు రాదు. గేరు మార్చుటకు ఖర్చును లేదు.

రెండవ మాట: ఆగు దూరము

కారును ఆపు చివరి బలము డిస్కు దగ్గర లేదు. అది టైరు రోడ్డును తాకుచోట ఉన్నది. టైరునకును రోడ్డునకును గల ఘర్షణ గుణకము 1 అయినచో గంటకు 100 కి.మీ. నుండి ఆగుటకు సుమారు 39 మీటర్లు పట్టును, 0.8 అయినచో 49 మీటర్లు పట్టును. ఈ లెక్కలో డిస్కు వ్యాసము లేదు, బెజ్జముల సంఖ్య లేదు. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రము బిగిసిపోవుచున్నచో, లేదా ఏబీఎస్ పని చేయుటకు ఆరంభించుచున్నచో, ఉన్న బ్రేకులు టైరు పట్టును పూర్తిగా వాడుకొనుచున్నవని అర్థము. అటుపైన డిస్కునకు ఎంత ఖర్చు పెట్టినను చల్లని బ్రేకులతో వేసిన మొదటి బ్రేకునకు దూరము తగ్గదు. అరిగిపోయిన టైర్లతో తిరుగుచు కొత్త డిస్కులు కొనువాడు కప్పు కారుచున్న ఇంటికి గోడ సున్నము వేయించువానివంటివాడు.

మూడవ మాట: వాయువులు, వాననీరు

ఈ మాటకు చరిత్ర కలదు. పాతకాలపు ప్యాడ్లలో రాతినార, దానిని పట్టియుంచు జిగురు పదార్థములు ఎక్కువగా ఉండెడివి. అవి మిక్కిలి కాగినప్పుడు వాయువులు వెలువడి, ప్యాడునకును డిస్కునకును నడుమ పొరగా నిలిచి పట్టు సడలించెడివి. ఆ వాయువులు పోవుటకు బెజ్జము నిజముగా ఉపకరించెను. తరువాత ప్యాడ్ల రసాయనము మారినది. తయారీలోనే వానిని బాగుగా కాల్చుట వలన రోడ్డుమీద వచ్చు ఉష్ణోగ్రతలలో ఈ వాయువుల బాధ చాలవరకు తగ్గినది. రోగము తగ్గినను మందు చీటీ అట్లే నిలిచియున్నది.

వాననీటి విషయములో బెజ్జములకును గాడులకును న్యాయము చేయవలెను. తడిసిన డిస్కుమీద బ్రేకు మొదటి క్షణమున కొంచెము ఆలస్యముగా పట్టును. నీటి పొరను తెంచుటకు బెజ్జము గాని గాడి గాని సహాయపడును. అయినను ప్యాడు ఒకటి రెండు చుట్లు రాచినంతనే సాదా డిస్కు ముఖము కూడ ఆరిపోవును. వానలో పోవునప్పుడు నడుమ నడుమ బ్రేకును మెల్లగా తాకించుట యను పాత అలవాటు ఈ పనినే చేయును.

గాడులు బెజ్జములకంటె కొంత మేలైనవి. అవి పలక ఆరపార పోవు కావు గనుక డిస్కు బలమును అంతగా తగ్గింపవు. ప్యాడు ముఖముపై కట్టిన గాజువంటి పొరను గీకి వేయుచుండును. దానికి బదులుగా ప్యాడ్లు త్వరగా అరుగును. బ్రేకు వేసినప్పుడు ఒక విధమైన రొద వినవచ్చును. అప్పుడప్పుడు పందెపు బాటకు పోవువానికి ఈ బేరము సమ్మతము కావచ్చును. ఆఫీసునకును ఇంటికిని నడుమ తిరుగు కారునకు దానివలన లాభము తక్కువ.

నాలుగవ మాట: పందెపు కార్లు

బ్రేకు డిస్కు చరిత్రకు పందెములతో దగ్గరి చుట్టరికము ఉన్నమాట వాస్తవము. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902లోనే డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. కాని ఆనాటి లోహములు, ప్యాడ్లు దానికి చాలలేదు. 1953లో ఫ్రాన్సులోని లమాన్ 24 గంటల పందెమున జాగ్వారు సి-టైపు కారు డన్‌లప్ డిస్కు బ్రేకులతో గెలిచినది. టోనీ రోల్టు, డంకన్ హామిల్టన్ అను వారు దానిని నడిపిరి. డ్రమ్ము బ్రేకులు గల కార్లు నిడుపైన తిన్నని బాట చివర ముందుగానే వేగము తగ్గించుకొనవలసి రాగా, జాగ్వారు మరికొంత దూరము వేగముగా పోయి బ్రేకు వేయగలిగెను. 1955లో సిట్రోయన్ డిఎస్ కారునకును, 1956లో ట్రయంఫ్ టిఆర్3 అను స్పోర్ట్సు కారునకును ముందు చక్రములకు డిస్కు బ్రేకులు వచ్చినవి. పందెపు బాట రోడ్డు కారునకు నేర్పిన గొప్ప పాఠములలో ఇది యొకటి.

కాని పందెపు కారు నుండి దేనిని తెచ్చుకొనవలెను, దేనిని విడువవలెను అనునది వేరు ప్రశ్న. పందెపు కారు డిస్కులను ప్రతి పందెమునకు ముందు, వెనుక మెకానిక్కులు పరీక్షించుదురు. పగులు కానవచ్చినచో తీసి పారవేయుదురు. అచ్చట డిస్కు ఆయుస్సును గంటలలో లెక్కించుదురు. రోడ్డు కారు డిస్కు ఏండ్లతరబడి చక్రము వెనుక ఎవరి కంటను పడక పని చేయవలెను. ఒకచోట గుణమైనది మరియొకచోట గుణము కాకపోవచ్చును.

పగుళ్ళ సంగతి

బెజ్జములపై చేయవలసిన ముఖ్యమైన ఆక్షేపణ ఇచ్చట ఉన్నది. వెడల్పైన ఒక పలకను ఒక దిక్కున లాగినప్పుడు దానిలో గుండ్రని బెజ్జము ఉన్నచో ఆ బెజ్జపు అంచున ప్రతిబలము మిగిలిన చోటులకంటె మూడు రెట్లగునని జర్మను ఇంజనీరు కిర్ష్ 1898లో గణితముతో చూపెను. ఇంజనీరింగు విద్యార్థులందరు నేర్చుకొను పాఠమిది.

బ్రేకు డిస్కు విషయములో లాగునది ఏది? ఉష్ణమే. బ్రేకు వేసినప్పుడు ముఖము త్వరగా కాగి వ్యాకోచింపజూచును. లోపలి ఇనుము ఇంకను చల్లగా ఉండి దానిని అడ్డగించును. మిక్కిలి కాగిన పైపొర అణగి కొంచెము శాశ్వతముగా కుదించుకొనిపోవును. తిరిగి చల్లారునప్పుడు ఆ పొరకు చోటు చాలక సాగదీతకు లోనగును. పోత ఇనుము నొక్కుడును బాగుగా ఓర్చును గాని సాగదీతను అంతగా ఓర్వదు. ఈ కాగుట, చల్లారుట వేలసార్లు జరిగినప్పుడు సన్నని పగుళ్ళు పుట్టును. అవి పుట్టుటకు అన్నిటికంటె అనువైన చోటు బెజ్జపు అంచు. ఒక బెజ్జము నుండి పక్క బెజ్జమునకు పగులు ప్రాకి, తుదకు అంచువరకు పోయినచో డిస్కు విరుగవచ్చును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెత ఇట్టిచోటనే గుర్తునకు వచ్చును. సాదా డిస్కును తెచ్చి మరమోపుతో బెజ్జములు వేసి, అంచులు నునుపు చేయక, లోపలి రెక్కల స్థానమును కూడ చూడక అమ్మిన సరకులో ఈ భయము మరింత ఎక్కువ.

ఎదుటి పక్షము వాదము

ఇన్ని దోషములు ఉన్నచో గొప్ప కార్ల కంపెనీలే బెజ్జముల డిస్కులు ఏల బిగించుచున్నవి అని అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది. జర్మనీలోని పోర్షే కంపెనీ 1978 నాటి 911 టర్బో 3.3 లీటర్ల కారునకు 917 అను తన పందెపు కారు నుండి తెచ్చిన బ్రేకులను, బెజ్జముల డిస్కులతో సహా, బిగించినది. 2001లో అదే కంపెనీ 911 జిటి2 కారునకు ఇనుమునకు బదులు కార్బన్ నారతో బలపరచిన సిరామిక్ డిస్కులను ఇచ్చినది. అవి ఇనుప డిస్కులలో సగము బరువే ఉండును, తుప్పు పట్టవు, వానికిని బెజ్జములు ఉన్నవి.

ఈ ఉదాహరణములు చూపునది బెజ్జముల మహిమను కాదు; లెక్క కట్టి చేసిన పనికిని, చూచి చేసిన పనికిని గల తేడాను. అట్టి కంపెనీ బెజ్జముల వలన పోవు ఇనుమునకు సరిపడునట్లు పెద్దది, మందమైనది అగు డిస్కును మొదటనే ఎన్నుకొనును. బెజ్జముల వరుసను రెక్కల వరుసతో పొందుపరచును. లోహమును, ప్యాడును, చక్రమునకు వచ్చు గాలిని కలిపి పరీక్షించును. అట్టి కారునకు డిస్కు మార్చవలసినప్పుడు కంపెనీ నిర్ణయించిన బెజ్జముల డిస్కునే వేయుట మంచిది. సాదా డిస్కుతో పుట్టిన చిన్న కారునకు అదే వ్యాసము, అదే మందము గల డిస్కును తీసుకొని దానికి బెజ్జములు మాత్రము చేర్చినప్పుడు ఈ లెక్క ఏదియు చేసినట్లు కాదు.

అనుభవము అను సాక్ష్యము

బెజ్జముల డిస్కును మెచ్చుకొనువారు తరచుగా తమ అనుభవమును సాక్ష్యముగా చూపుదురు. వేయించిన మరునాటినుండి బ్రేకులు కొత్తగా మారినవని చెప్పుదురు. వారు అబద్ధమాడుట లేదు. కాని ఆ దినమున మారినది డిస్కు ఒక్కటియేనా? సాధారణముగా డిస్కులతో బాటు కొత్త ప్యాడ్లు వేయుదురు. కాలిపరు జారు పిన్నులను శుభ్రము చేసి గ్రీజు పెట్టుదురు. పాత బ్రేకు ఆయిలును తీసి కొత్తది పోయుదురు. బ్రేకు ఆయిలునకు గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. డాట్ 4 తరగతి ఆయిలు కొత్తదిగా ఉన్నప్పుడు కనీసము 230 సెంటిగ్రేడు డిగ్రీల వరకు మరుగరాదు. నిర్ణీతమైన తేమ చేరిన తరువాత ఆ కనీసపు హద్దు 155 డిగ్రీలు మాత్రమే. ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుట్టినచో పెడలు నేలవరకు పోవును. కాబట్టి ఆయిలు మార్చుట ఒక్కటియే కారు స్వభావమును మార్చగలదు.

నాలుగు వస్తువులను ఒకేసారి మార్చి, కలిగిన లాభమునంతయు కంటికి కనబడు ఒక్క వస్తువునకు ముట్టజెప్పుట శాస్త్ర పద్ధతి కాదు. ఒక ప్రయోగములో ఒక్క అంశమునే మార్చవలెను, మిగిలినవానిని కదల్చరాదు. అదే కారు, అవే ప్యాడ్లు, అదే ఆయిలు, అవే టైర్లు ఉంచి, సాదా డిస్కుతో పది సార్లు, బెజ్జముల డిస్కుతో పది సార్లు వరుసగా ఆపి, ప్రతిసారి ఉష్ణోగ్రతను, దూరమును వ్రాసికొన్నచో ఆ మాటకు విలువ ఉండును. ఒక్కసారి బ్రేకు వేసి దూరము కొలిచి తీర్పు చెప్పు పరీక్ష టైరును పరీక్షించినట్లే గాని డిస్కును పరీక్షించినట్లు కాదు.

ఇట్టిదే మరియొక ప్రచారము ఉన్నది. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణికినచో డిస్కు వంకర పోయినదని అందురు. చౌక డిస్కుల దోషమని అందురు. అమెరికాకు చెందిన పందెపు ఇంజనీరు కారల్ స్మిత్ (1932-2003) ఈ నమ్మకమును గట్టిగా ఖండించెను. అతని వాదము ప్రకారము నిజముగా వంగిన డిస్కులు మిక్కిలి అరుదు. ప్యాడు పదార్థము డిస్కు ముఖముపై సమముగా పరచుకొనక మచ్చలుగా అంటుకొనుటయే సాధారణమైన కారణము. ఆ మచ్చలు ఎక్కువ కాగును. తుదకు అచ్చటి ఇనుము నిర్మాణము మారి సిమెంటైటు అను కఠిన పదార్థము ఏర్పడును. ముఖపు మందములో మిల్లీమీటరులో నూరవ వంతు తేడా వచ్చినను పాదమునకు వణకు తెలియగలదు. హబ్బుమీద తుప్పు తుడువకయే కొత్త డిస్కు బిగించినను ఇట్టి ఫలితమే కలుగును. డిస్కు కొంచెము ఓరగా కూర్చుండి, తిరుగునప్పుడెల్ల ఒకేచోట ప్యాడును రాచుకొని అరుగును. ఖరీదైన డిస్కు కూడ మురికి హబ్బుమీద చెడిపోవును.

ఎన్నిక

ఇంత విచారణ తరువాత రోడ్డుమీద నడుచు స్పోర్ట్సు కారునకు తగిన డిస్కు ఏదియో నిర్ణయించుట కష్టము కాదు. కారు సాదా డిస్కులతో వచ్చినదైనచో, మంచి పోత ఇనుముతో చేసిన, గాలి కాలువలు గల, కంపెనీ చెప్పిన వ్యాసము, మందము ఉన్న సాదా డిస్కు చాలును. పోత ఇనుములోని సన్నని గ్రాఫైటు రేకులు ఉష్ణమును త్వరగా వ్యాపింపజేయును; కంపనములను మ్రింగి కీచుశబ్దమును తగ్గించును. ఈ గుణములు లోహములో ఉండును గనుక కంటికి కానరావు. అందుచేతనే తయారుచేయువాని పేరు, ప్రమాణ ముద్ర చూచి కొనవలెను. ఐక్యరాజ్య సమితి ఐరోపా ఆర్థిక సంఘము వారి 90వ నిబంధన మార్పిడి డిస్కుల కొలతలకును, లోహమునకును, కాగి చల్లారుటను ఓర్చు శక్తికిని పరీక్షలు విధించినది. ఆ ఆమోదము గల డిస్కు ముఖమునిండ బెజ్జములున్న పేరులేని డిస్కుకంటె నమ్మదగినది.

ముఖము వెలుపలి భాగములకు జింకు పూత గాని రంగు పూత గాని ఉన్న డిస్కునకు కొంత ఎక్కువ ఇచ్చినను నష్టము లేదు. ప్యాడు రాచుకొనుచోట ఆ పూత రెండు మూడు దినములలో పోవును. కాని నడిమి భాగమును, గాలి కాలువలను అది తుప్పునుండి చాలకాలము కాపాడును. వారమునకు ఒకనాడు వెలికి తీయు కారునకు ఉష్ణముకంటె తుప్పు పెద్ద శత్రువు.

ఉన్న బ్రేకులు కనుమదారులలో నిజముగా చాలకున్నచో, చేయవలసినది ఇనుమును తగ్గించుట కాదు, పెంచుట. ఎంఎక్స్-5 కారునందే దీనికి దృష్టాంతము కలదు. 1994 నమూనాలో ఇంజను 1.8 లీటర్లు కాగానే ముందు డిస్కులను 255 మి.మీ. వరకు, వెనుక డిస్కులను 251 మి.మీ. వరకు పెంచిరి. ముందువెనుకలను రెండింటిని కలిపి పెంచుటలో విశేషము ఉన్నది. ముందు బ్రేకును మాత్రము బలపరచినచో ముందువెనుకల సమతూకము చెడి, వెనుక టైర్ల పట్టు వ్యర్థమగును. పాత 1.6 లీటర్ల కారునకు తరువాతి నమూనా డిస్కులు, ప్యాడ్లు, కాలిపర్ బ్రాకెట్లు వేసికొనుట ఆ కారు యజమానులకు తెలిసిన మార్గమే. పెద్ద డిస్కు బరువైనది గనుక చక్రము కొంత బరువెక్కును. ఆ బరువును తగ్గించుటకే ఇనుప వలయమునకు అల్యూమినియము నడుము కూర్చిన రెండు ముక్కల డిస్కులు వచ్చినవి. అవి కాగినప్పుడు వలయము స్వేచ్ఛగా వ్యాకోచించును. కాని ధర ఎక్కువ, కీలుల వద్ద కొంత చప్పుడును ఉండును.

బిగించునప్పుడు గమనింపవలసినవి కొన్ని కలవు. హబ్బు ముఖమును మెరయువరకు శుభ్రము చేయవలెను. చక్రపు నట్లను ఎదురెదురుగా, చెప్పిన బలముతో, సమముగా బిగింపవలెను. వంపు రెక్కల డిస్కులలో కుడి యెడమలు వేరు. కారు ముందునకు పోవునప్పుడు రెక్కల వెలుపలి కొసలు తిరుగు దిక్కునకు వెనుకగా వాలియుండవలెను. ముఖముపైని గాడుల వాలును చూచి బిగించువారు ఇచ్చటనే మోసపోవుదురు. లోపలి రెక్కలను చూడవలెను. పాత డిస్కుల అరుగుదలను పట్టించుకొనక వానిపై కొత్త ప్యాడ్లు వేయరాదు. డిస్కుమీద కనిష్ఠ మందము అచ్చు వేసియుండును. అంతకు తక్కువైనచో దానిని వాడరాదు. కొత్త డిస్కులు వేసిన తరువాత ఖాళీ రోడ్డుమీద నడిమి వేగము నుండి పలుమార్లు మెల్లగా వేగము తగ్గించుచు, పూర్తిగా ఆపక, నడుమ చల్లారనిచ్చుచు ప్యాడు పదార్థము సమముగా పరచుకొనునట్లు చేయవలెను. బ్రేకులు బాగుగా కాగినప్పుడు కారును ఆపి పెడలుమీద కాలు నొక్కిపెట్టినచో ప్యాడు ముద్ర డిస్కుపై పడును.

వరుస చెప్పవలెనన్నచో మొదట టైర్లు, తరువాత ఆయిలు, తరువాత పనికి తగిన ప్యాడ్లు, ఆ తరువాత మంచి సాదా డిస్కు. డబ్బు మిగిలినచో పెద్ద డిస్కు. బెజ్జములు ఈ వరుసలో చివరకు వచ్చును. చాలమందికి ఆ చివరివరకు పోవలసిన అవసరమే కలుగదు. వానిని అందమునకై కోరువాడు అందమునకై కోరుచున్నాననియే తెలిసి కొని, ప్రతి సర్వీసులోను పగుళ్ళకై వెదకించుకొనినచో ఎవరికిని ఆక్షేపణ లేదు. రక్షణకై కొనుచున్నాననుకొని రక్షణను తగ్గించుకొనుట మాత్రము విచారింపదగినది. చక్రపు ఆకుల సందునుండి కనబడు మెరపును కొలుచుటకు కన్ను చాలును. డిస్కును కొలుచుటకు మాత్రము బరువు, మందము, ఉష్ణోగ్రత అను మూడు కొలతలు కావలెను.